ఉద్యోగం చేసుకుంటూ బిహేవియరల్ న్యూరోసైన్స్ కోర్సు ఆన్‌లైన్‌లో చెప్పాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: అమెరికాలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి రీసెర్చ్ ఉద్యోగం) చేస్తున్నారు. వేరే రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీ సైకాలజీ డిపార్ట్‌మెంట్ వాళ్లు బిహేవియరల్ న్యూరోసైన్స్ (మెదడూ నాడులూ మన ప్రవర్తనను ఎలా నడిపిస్తాయన్నది) కోర్సును ఆన్‌లైన్‌లో, పార్ట్‌టైమ్‌గా చెప్పమని అడిగారు. 8 వారాల టర్మ్, 3 క్రెడిట్లు, 30 మంది దాకా విద్యార్థులు. ల్యాబ్ పని దెబ్బతినకుండా చెయ్యగలరా, వారానికి ఎన్ని గంటలు పోతాయి, వీడియోలు ఎలా చేయాలి, అసైన్‌మెంట్లన్నీ ఏఐతో రాయించుకొస్తే ఏం చేయాలి, ఇది మీ కెరీర్‌కు ఉపయోగమా అన్నది మీ టెన్షన్.

నేను పగలు రీసెర్చ్ ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలూ శనివారాలూ ఇదే కోర్సును చాలా ఏళ్లుగా ఆన్‌లైన్‌లో చెబుతున్నాను. నా సలహా ముందే చెప్పేస్తాను. వీసా అనుమతిస్తే, కోర్సు ఇప్పటికే తయారై ఉంటే, ఒప్పుకోండి. ఒప్పుకున్నాక మీ శక్తినంతా వీడియోల మీద ఖర్చు పెట్టకండి. ప్రతి వారం ఒక అసలైన ప్రయోగాన్ని తీసుకుని, ఫలితం చెప్పకుండా మధ్యలో ఆపి, "ఇప్పుడేమవుతుంది? ఎందుకని?" అని విద్యార్థుల చేత రాయించండి. మీ ప్రశ్నలకు జవాబు చాలావరకు అక్కడే ఉంది. ఎలాగో కింద వివరంగా రాస్తున్నాను.

ముందు వీసా, ఎందుకంటే అక్కడ తేడా వస్తే మిగతాదంతా అనవసరం. మీది హెచ్-1బీ అయితే, అది మిమ్మల్ని స్పాన్సర్ చేసిన సంస్థలో పనికి మాత్రమే. రెండో యూనివర్సిటీ కూడా మీ పేరున విడిగా పిటిషన్ వేయాలి. పార్ట్‌టైమ్ పనికీ వేయొచ్చు, కానీ ఒక్క కోర్సు కోసం అంత ఖర్చు పెట్టుకోవడానికి చాలా డిపార్ట్‌మెంట్లు ముందుకు రావు. జే-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా) అయితే బయట ఎప్పుడో ఒక లెక్చర్ ఇవ్వడానికి కూడా మీ ప్రోగ్రామ్ రెస్పాన్సిబుల్ ఆఫీసర్ రాతపూర్వక అనుమతి ముందే ఉండాలి. టర్మ్ పొడుగునా కోర్సు నడపడం ఆ వెసులుబాటు కిందికి రావడం కష్టం. మామూలు ఓపీటీలో (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకునే అనుమతిలో) ఉంటే ఇది మీ డిగ్రీకి సంబంధించిన పనే కాబట్టి చెయ్యొచ్చు, కాకపోతే ఆ ఉద్యోగాన్ని రిపోర్ట్ చేయాలి. స్టెమ్ ఓపీటీలో (సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీలవాళ్లకు దాని పొడిగింపులో) ప్రతి ఉద్యోగమూ వారానికి కనీసం 20 గంటలు ఉండాలి, ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక ఫారం నింపాలి, యజమాని ఈ-వెరిఫైలో (పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) ఉండాలి. ఒక్క కోర్సు అందులో ఇమడదు. హెచ్-4 ఈఏడీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ తలనొప్పి లేదు.

"జీతం తీసుకోకుండా చెబితే ఏం కాదు" అని ఎవరైనా అంటే వినకండి. ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి ఈమెయిల్‌లో జవాబు వచ్చేదాకా ఎక్కడా సంతకం పెట్టకండి. బయట పని చేస్తున్నట్టు మీ ప్రస్తుత యూనివర్సిటీకి తెలియజేసే ఫారం కూడా ఉంటుంది. దాన్ని నింపి, మీ పీఐతో (ల్యాబ్ నడిపే ప్రొఫెసర్‌తో) ముందే మాట్లాడండి. సెలవుల్లో హైదరాబాదో విజయవాడో వెళ్లి అక్కణ్ణుంచి క్లాసు నడుపుదాం అనుకుంటే అదీ ముందే అడగాలి. పన్నుల లెక్కలు, డేటా భద్రత కారణంగా విదేశం నుంచి పని చేయడాన్ని ఒప్పుకోని యూనివర్సిటీలు ఉన్నాయి.

ఇక డబ్బు. అడ్జంక్ట్‌లకు (పార్ట్‌టైమ్ అధ్యాపకులకు) కోర్సుకింత అని గుత్తగా ఇస్తారు. 3 క్రెడిట్ల కోర్సుకు 3 వేల నుంచి 5 వేల డాలర్ల మధ్య ఇచ్చే చోట్లు చాలా. హెల్త్ ఇన్సూరెన్స్ లాంటివి సాధారణంగా ఉండవు. 4 వేలు అనుకోండి. కోర్సంతా తయారై, కాన్వాస్, బ్లాక్‌బోర్డ్ లాంటి ఆన్‌లైన్ క్లాసు సైట్లో మాస్టర్ షెల్‌గా (పాఠాలన్నీ నింపిన కోర్సు నమూనాగా) మీ చేతికొస్తే, వారానికి 10 గంటల చొప్పున 8 వారాలకు 80 గంటలు. గంటకు 50 డాలర్లు పడినట్టు. అదే ఖాళీ షెల్ ఇచ్చి "మీ ఇష్టం వచ్చినట్టు తయారు చేసుకోండి" అంటే, ఆ తయారీకే ఇంకో 120 గంటలు తేలిగ్గా పోతాయి. అప్పుడు గంటకు 20 డాలర్లు. అందుకే కోర్సు తయారీకి విడిగా డబ్బిస్తారా అని ముందే అడగండి. ఇచ్చే చోట్లు ఉన్నాయి, కానీ అడిగినవాళ్లకే ఇస్తారు. ఇవ్వం అంటే, పోస్ట్‌డాక్‌లో ఉండగా ఖాళీ షెల్ నెత్తికెత్తుకోకండి. మీ పేపర్లే ఆగిపోతాయి.

చైర్‌ని (డిపార్ట్‌మెంట్ హెడ్‌ని) అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. విద్యార్థుల సంఖ్యకు పరిమితి 30 దగ్గర ఆగుతుందా, మధ్యలో 45 చేస్తారా? గ్రేడింగ్‌కు టీఏ (టీచింగ్ అసిస్టెంట్) ఉంటారా? ఎన్‌రోల్‌మెంట్ తక్కువైతే ఏ తేదీలోగా రద్దు చేస్తారు? మీరు తీసిన వీడియోలు టర్మ్ అయ్యాక ఎవరివి? వీటన్నిటికంటే ముఖ్యమైనది, ఈ కోర్సులో చేరాలంటే ముందు ఏం చదివి ఉండాలన్నది. ఇంట్రో సైకాలజీ ఒక్కటే అయితే, స్కూలు తర్వాత కెమిస్ట్రీ ముట్టుకోనివాళ్లు చాలామంది ఉంటారని లెక్కేసుకోండి. మీ రెండో వారం ఎలా ఉండాలో ఆ జవాబే తేలుస్తుంది.

8 వారాల కోర్సులో పని సగం ఉంటుందని చాలామంది అనుకుంటారు. 3 క్రెడిట్లంటే క్లాసూ, ఇంటి పనీ కలిపి విద్యార్థికి సుమారు 135 గంటల పని. 15 వారాల్లో అయితే వారానికి 9 గంటలు, 8 వారాల్లో అయితే దాదాపు 17. ఆన్‌లైన్ సెక్షన్‌లో చేరేది ఎవరు? నర్సులు, పారామెడిక్‌లు, సైన్యం నుంచి బయటికొచ్చినవాళ్లు, పిల్లలు నిద్రపోయాక ల్యాప్‌టాప్ తెరిచే తల్లులు. వాళ్లకు వారానికి రెండేసి చాప్టర్లు చదివే తీరిక ఎక్కడుంటుంది? పాఠ్యపుస్తకం మొత్తం పూర్తి చేయాలన్న పట్టుదల మొదటి రోజే వదిలేయండి. పుస్తకం విషయానికొస్తే, ఓపెన్‌స్టాక్స్ వాళ్లు ఈ సబ్జెక్టు మీదే ఒక పాఠ్యపుస్తకాన్ని ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంటే అదే పెట్టండి. విద్యార్థికి ఆ ఖర్చు తప్పుతుంది, మొదటి వారంలో "పుస్తకం ఇంకా రాలేదు" అనే ఈమెయిళ్లు మీకూ తప్పుతాయి.

నా కోర్సు 8 ప్రయోగాల చుట్టూ తిరుగుతుంది. మొదటి వారం మెదడు దెబ్బతిన్న మనుషుల నుంచి ఏం నేర్చుకోవచ్చు, ఏం నేర్చుకోకూడదు. ఇక్కడ రైలు మార్గం పనిలో మేస్త్రీ అయిన ఫినియాస్ గేజ్ కథ తప్పకుండా వస్తుంది: 1848, వెర్మాంట్, తలలోంచి దూసుకుపోయిన ఇనుప కడ్డీ. చాలాచోట్ల "మనిషే మారిపోయాడు" అని కథ ముగిస్తారు. ఆ తర్వాత అతను చిలీ వెళ్లి ఏళ్ల తరబడి గుర్రాల బండి నడిపాడన్న సంగతి చెప్పరు. ఆ ఉద్యోగానికి కావలసిన ప్రణాళిక, ఓపిక, మనుషులతో మెలిగే తీరు ఏమిటో విద్యార్థుల చేతే రాయిస్తాను. ఒకే కేసు మీద ఎంత బరువు మోపవచ్చో వాళ్లకు మొదటి వారంలోనే అర్థమవుతుంది. రెండో వారం అయాన్లు (చార్జి ఉన్న పరమాణువులు), మూడో వారం సినాప్స్‌లూ (నాడీకణాలు కలిసే చోట్లు) మందులూ. తర్వాత వరసగా చూపు, జ్ఞాపకం, ప్రేరణ, నిద్రా సర్కేడియన్ గడియారమూ (శరీరంలోని 24 గంటల లయ), చివరికి ఒత్తిడీ మానసిక రుగ్మతలూ.

రెండో వారాన్ని కాస్త దగ్గరగా చూపిస్తాను, విద్యార్థులు ఎక్కువగా జారిపోయేది అక్కడే కాబట్టి. న్యూరాన్ (నాడీకణం) లోపల పొటాషియం ఎక్కువ, బయట తక్కువ: లోపల లీటరుకు సుమారు 140 మిల్లీమోల్స్, బయట సుమారు 5. పొరలోంచి పొటాషియం ఒక్కటే దాటగలిగితే, లోపలి వోల్టేజి -90 మిల్లీవోల్టుల దరిదాపుల్లో నిలబడుతుంది. సోడియం కూడా కొద్దిగా లోపలికి కారుతుంది కాబట్టి మామూలు న్యూరాన్ -70 దగ్గర ఉంటుంది. ఇంతవరకూ ఒక చిన్న వీడియో. అక్కడ ఆపి అడుగుతాను: బయటి పొటాషియాన్ని 5 నుంచి 10కి పెంచితే లోపలి వోల్టేజి ఎటు కదులుతుంది?

ఎక్కువ మంది రాసేది ఒకటే. పాజిటివ్ అయాన్లు బయట పెరిగాయి, కాబట్టి బయటితో పోలిస్తే లోపల ఇంకా నెగటివ్ అవుతుంది. వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ జరిగేది దానికి వ్యతిరేకం. బయట పొటాషియం పెరిగితే లోపలి నుంచి బయటికి పోవాలన్న తోపు తగ్గుతుంది, పాజిటివ్ చార్జి లోపలే ఎక్కువగా మిగిలిపోతుంది. పొటాషియం తూకం కుదిరే వోల్టేజి -90 నుంచి దాదాపు -70కి జరుగుతుంది, దాంతో న్యూరాన్ కూడా థ్రెషోల్డ్ (సంకేతం పుట్టే వోల్టేజి) వైపు జరుగుతుంది. ముందు తప్పుగా ఊహించినవాళ్లకు ఈ వివరణ మనసులో నాటుకుంటుంది. ఊహించకుండా చదివినవాళ్లు పరీక్షలో మళ్లీ అదే పొరపాటు చేస్తారు.

ఒక టర్మ్‌లో ఈ చర్చ కింద రాత్రి షిఫ్టులో పనిచేసే నర్సు ఒకావిడ రాసింది: "మా వార్డులో పొటాషియం క్లోరైడ్‌ను ఎప్పుడూ పలచన చేసి, పంపు పెట్టి నెమ్మదిగా ఎక్కిస్తాం. సిరంజితో ఒక్కసారి తోయనివ్వరు. అందుకేనా?" అవును, అందుకే. గుండె కణాలు డీపోలరైజ్ అయ్యి (లోపలి నెగటివ్ వోల్టేజి తగ్గి), సోడియం చానళ్లు మళ్లీ తెరుచుకోలేని స్థితిలో ఇరుక్కుపోతే గుండె ఆగిపోతుంది. ఆవిడ రెండు ముక్కలూ క్లాసులో మిగతావాళ్లకు నా వీడియో కంటే ఎక్కువ నేర్పాయి. ఆన్‌లైన్ క్లాసులో ఉన్న పెద్ద అదృష్టం ఇదే. మీ ఎదుట ఉన్నవాళ్లలో ఆసుపత్రుల్లో, అంబులెన్సుల్లో, డీఅడిక్షన్ కేంద్రాల్లో రోజూ పని చేసేవాళ్లుంటారు. వాళ్లు నోరు విప్పేలా ప్రశ్న వేస్తే సగం పాఠం వాళ్లే చెబుతారు.

అదే వారంలో సోడియం-పొటాషియం పంపు వస్తుంది. ఒక్కో విడతకు 3 సోడియం అయాన్లు బయటికి, 2 పొటాషియం అయాన్లు లోపలికి, ఖర్చు ఒక ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు). ఆ ఏటీపీని 1929లో కండరాల్లో కనుక్కున్నవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. జర్మనీలో లోమన్, హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావు ఎవరికి వారుగా ఆ సంవత్సరమే ప్రకటించారు. అమెరికా విద్యార్థుల్లో ఆ పేరు విన్నవాళ్లు దాదాపు ఉండరు. నేను ప్రతి టర్మ్‌లోనూ చెబుతాను, మీరూ చెప్పండి.

మూడో వారానికి ఒట్టో లోవీ 1921లో కప్ప గుండెలతో చేసిన ప్రయోగం చాలు. మొదటి గుండెకు వేగస్ నరం ఉంది. దాన్ని కరెంటుతో ప్రేరేపిస్తే గుండె నెమ్మదిస్తుంది. ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండెకు పోశాడు. ఇక్కడ ఆపాలి. న్యూరాన్లు కరెంటుతోనే మాట్లాడుకుంటే ఏం జరగాలి? రసాయనంతో మాట్లాడుకుంటే ఏం జరగాలి? రెండూ రాయమనండి. రెండో గుండె కూడా నెమ్మదించిందని తర్వాతి వీడియోలో తెలుస్తుంది. ఇక్కడి నుంచి ఆ రసాయనమైన ఎసిటైల్‌కోలిన్, అక్కడి నుంచి మందులు ఎలా పనిచేస్తాయన్నది సాఫీగా వచ్చేస్తుంది.

ప్రేరణ వారంలో మీరు ఎదుర్కొనేది ఖాళీ బుర్రలను కాదు, సోషల్ మీడియా నింపి పంపిన బుర్రలను. డోపమిన్ (న్యూరాన్లు వదిలే ఒక రసాయనం) అంటే ఆనందం, డోపమిన్ డీటాక్స్ చేస్తే బాగుపడతాం అన్న నమ్మకంతో వస్తారు. వాళ్లతో వాదించకండి. న్యూరోసైంటిస్టు వోల్‌ఫ్రమ్ షుల్ట్జ్ కోతుల ప్రయోగం పెట్టండి. కోతికి అనుకోకుండా పళ్లరసం చుక్క పడితే డోపమిన్ న్యూరాన్ జోరుగా ఫైర్ అవుతుంది (కరెంటు సంకేతాలు పంపుతుంది). ముందు ఒక సంకేతం ఇచ్చి, తర్వాత రసం ఇవ్వడం అలవాటు చేశాక ఎప్పుడు ఫైర్ అవుతుంది? సంకేతం ఇచ్చి రసం ఇవ్వకపోతే? మూడు సందర్భాలకూ మూడు గీతలు కాగితం మీద చేత్తో గీసి, ఫోన్‌తో ఫొటో తీసి అప్‌లోడ్ చేయమంటాను. అలవాటయ్యాక ఫైరింగ్ రసం దగ్గర నుంచి సంకేతం దగ్గరికి మారుతుందనీ, రసం రానప్పుడు సరిగ్గా అది రావాల్సిన క్షణంలో మామూలు స్థాయి కంటే కిందికి పడిపోతుందనీ ముందే ఊహించేవాళ్లు తక్కువ. ఆ పడిపోయే గీతను తర్వాత స్వయంగా దిద్దుకున్నవాళ్లు "డోపమిన్ అంటే ఆనందం" అన్న మాట మళ్లీ రాయరు. ఆపైన కెంట్ బెరిడ్జ్ అనే పరిశోధకుడి ఎలుకల సంగతి చెప్పండి. డోపమిన్ దాదాపు లేకుండా చేసిన ఎలుకలు తిండి కోసం కదలవు, కానీ నోట్లో తీపి పడితే ఇష్టపడినట్టే ముఖం పెడతాయి.

ఇంటి దగ్గర చేయగలిగే ప్రయోగాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం. రెండు గీతల నక్షత్రం ప్రింటు తీసి, చేతిని నేరుగా చూడకుండా పుస్తకం అడ్డం పెట్టి, అద్దంలో చూస్తూ రెండు గీతల మధ్యలోంచి పెన్సిల్ నడపాలి. ఎన్నిసార్లు గీత దాటారో లెక్కపెట్టి, కొన్ని ప్రయత్నాల తర్వాత గ్రాఫు వేయాలి. ఆ గ్రాఫు చేతిలో ఉండగా హెచ్.ఎం. అనే రోగి గురించి చదివిస్తాను. మూర్ఛల కోసం 1953లో శస్త్రచికిత్స చేసి ఆయన మెదడులో హిపోకాంపస్ అనే చోట చాలా భాగం తీసేశారు. సైకాలజిస్టు బ్రెండా మిల్నర్ ఇదే పని ఇస్తే మూడు రోజుల్లో ఆయన తప్పులు బాగా తగ్గాయి, కానీ ఆ పని అంతకుముందు చేసిన గుర్తే లేదు. జ్ఞాపకం ఒకే రకం కాదని విద్యార్థులకు మీరు చెప్పనక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కాఫీ తాగి రియాక్షన్ టైమ్ కొలవండి, రాత్రంతా మేలుకుని మర్నాడు రాయండి లాంటి అసైన్‌మెంట్లు పెట్టకండి. గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు, మూర్ఛలున్నవాళ్లు మీ క్లాసులో ఉండొచ్చు, ఆ విషయం మీకు చెప్పాల్సిన అవసరం వాళ్లకు లేదు. రియాక్షన్ టైమ్ కావాలంటే స్కేలు పట్టుకునే ఆట సరిపోతుంది. పైనుంచి ఎవరో వదిలిన స్కేలును 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే 0.2 సెకన్లు. ఆ 0.2 సెకన్లలో కంటి నుంచి వేలిదాకా ఏమేం జరిగాయో రాయమనండి.

ఇప్పుడు ఏఐ. ఇంటి దగ్గర రాసే మామూలు వ్యాసాన్ని ఇక నమ్మి మార్కులు వేయలేం, ఇది ఒప్పుకుని ముందుకెళ్లడం మంచిది. ఏఐ రాసిందో లేదో కనిపెడతామనే సాఫ్ట్‌వేర్ చెప్పిన మాట మీద ఎవరినీ దోషిని చేయకండి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల రాతను అవి తప్పుగా పట్టుకుంటాయి. మన పిల్లల మీద, మన మీద కూడా అదే మచ్చ పడుతుంది. ముందస్తు ఊహకు నేను తప్పొప్పుల మార్కులు వేయను, కారణం రాశారా లేదా అన్నదానికే వేస్తాను. తప్పు రాసినా మార్కు పోదని తెలిస్తే ఏఐ నుంచి అరువు తెచ్చుకోవాల్సిన అవసరం చాలావరకు తగ్గుతుంది. చేతి గీతలూ, తమ సొంత డేటా గ్రాఫులూ ఇంకొంత తగ్గిస్తాయి. టర్మ్ మధ్యలో ఒక్కొక్కరితో 5 నిమిషాల వీడియో కాల్ పెట్టి, వాళ్లు గీసిన గీతను వాళ్ల చేతే వివరింపజేస్తాను. 30 మందికి రెండున్నర గంటలు. ఆ వారం ఇంకే గ్రేడింగూ పెట్టుకోకండి.

పరీక్షలు పుస్తకం తెరిచి రాసేవే పెడతాను. కెమెరా నిఘా సాఫ్ట్‌వేర్ విద్యార్థికి టెన్షన్, మీకు ఫిర్యాదులు. ప్రశ్న ఎలా ఉండాలో ఒకటి చెబుతాను. పొలంలో పురుగుల మందు కొడుతున్న కూలీని ఆసుపత్రికి తెచ్చారు. కంటిపాపలు సూదిమొనల్లా చిన్నవైపోయాయి, నోట్లోంచి నురగ, గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది, కండరాల్లో బలం లేదు. అట్రోపిన్ ఇచ్చారు. గుండె వేగం పెరిగింది, నురగ తగ్గింది, కండరాల బలహీనత మాత్రం తగ్గలేదు. ఎందుకు? ఆ పురుగుల మందులోని ఆర్గానోఫాస్ఫేటు ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపేస్తుంది. ఎసిటైల్‌కోలిన్‌ను అందుకునే రిసెప్టార్లలో అట్రోపిన్ మస్కారినిక్ రకాన్నే అడ్డుకుంటుంది, కండరాల దగ్గర ఉన్నవి నికోటినిక్. మన జిల్లాల్లో పెరిగినవాళ్లకు ఈ కేసు పుస్తకాల్లో చూడాల్సిన పనిలేదు. కాలిఫోర్నియా పొలాల దగ్గర పెరిగిన విద్యార్థికీ ఇది కొత్త కాదు.

ప్రశ్న ఎంత మంచిదైనా మీ జవాబు రాకపోతే కోర్సు చచ్చిపోతుంది. పైగా ఇది నిబంధన కూడా. విద్యార్థులకు ఫెడరల్ ఆర్థిక సాయం అందే ఆన్‌లైన్ కోర్సుల్లో అధ్యాపకుడు క్రమం తప్పకుండా, పాఠానికి సంబంధించి విద్యార్థులతో సంభాషించాలని 2021 జూలై నుంచి అమల్లోకి వచ్చిన నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. వీడియోలు పెట్టేసి, క్విజ్‌లు ఆటోమేటిక్‌గా దిద్దేసి ఊరుకుంటే అది కరస్పాండెన్స్ కోర్సు కిందికి వస్తుంది, యూనివర్సిటీకి ఇబ్బంది. అయితే 30 మందికీ ప్రతివారం పేరాలకు పేరాలు రాయనక్కర్లేదు. నేను వారానికి పదిమందికి వ్యక్తిగతంగా ఒక ఎదురు ప్రశ్న రాస్తాను, మరుసటి వారం ఇంకో పదిమందికి. "రెండో గుండె నెమ్మదిస్తుంది అన్నారు, సరే. దానికి వేగస్ నరం తీసేసి ఉన్నా నెమ్మదిస్తుందా?" అంతే. "బాగా రాశారు" అనే మాట కంటే ఈ ఒక్క ప్రశ్న వాళ్లను మళ్లీ పాఠంలోకి లాగుతుంది.

వారం లయ ఇలా పెట్టుకోండి. సోమవారం సాయంత్రం ప్రకటన: పోయిన వారం క్లాసు ఏం ఊహించింది, ఏం జరిగింది, ఈ వారం ప్రశ్న ఏమిటి. బుధవారం రాత్రికి ఊహలు రావాలి. గురువారం పొద్దున ఫలితం వీడియో తెరుచుకుంటుంది, ఇది కాన్వాస్‌లో ముందే తేదీ పెట్టేయొచ్చు. ఆదివారం రాత్రికి చిన్న క్విజ్. మీ గ్రేడింగ్ గురువారం రాత్రి ఒక దఫా, శనివారం ఒక దఫా. ప్రతి డెడ్‌లైన్ పక్కనా టైమ్ జోన్ రాయండి, ఓవర్సీస్‌లో ఉన్న సైనికులు కూడా క్లాసులో ఉంటారు. మొదటి మూడు రోజుల్లో లాగిన్ కానివాళ్లకు విడిగా ఈమెయిల్ పంపండి. 8 వారాల కోర్సులో మొదటి వారం పోతే మళ్లీ అందుకోవడం చాలా కష్టం.

వీడియోల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 6 నుంచి 10 నిమిషాలు మించకుండా తీయండి. కెమెరా ఎలా ఉన్నా ఫర్వాలేదు, మైకు మంచిది కొనండి. వీడియోలో తేదీలు, వారం నంబర్లు, పుస్తకం పేజీ నంబర్లు చెప్పకండి, అప్పుడే వచ్చే టర్మ్‌కూ పనికొస్తాయి. క్యాప్షన్లు తప్పనిసరి, వాటిని మీ కళ్లతో చదివి దిద్దండి. మన యాసలో పలికిన అమిగ్డలా, ఆక్సాన్ లాంటి మాటలను ఆటోమేటిక్ క్యాప్షన్ ఏమేం చేస్తుందో చూస్తే మీకే తెలుస్తుంది, వినికిడి లేని విద్యార్థికి అదే పాఠం.

ఇక చివరిది, నేను అన్నిటికంటే సీరియస్‌గా తీసుకునేది. ఈ సబ్జెక్టులో వ్యసనం, డిప్రెషన్, తలకు దెబ్బలు, పీటీఎస్‌డీ అన్నీ వస్తాయి. అవి అనుభవించినవాళ్లే క్లాసులో ఉంటారు. ఫెంటనిల్ అనే మత్తుమందుకు తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి ఓపియాయిడ్ రిసెప్టార్ పాఠం చదువుతుండొచ్చు. మొదటి వారంలోనే రాసి పెట్టండి: సొంత ఆరోగ్య విషయాలు డిస్కషన్ బోర్డులో రాయనక్కర్లేదు, రాయకపోతే మార్కులు పోవు. "నా యాంటీడిప్రెసెంట్ ఆపేయొచ్చా?" అని ఎవరైనా అడిగితే, మందు ఎలా పనిచేస్తుందో మాత్రమే మీరు చెప్పగలరనీ, ఆపే నిర్ణయం డాక్టరుతోనే తీసుకోవాలనీ, ఒక్కసారిగా ఆపడం ప్రమాదమనీ వెంటనే జవాబివ్వండి. ఎవరి రాతలోనైనా చనిపోవాలన్న ఆలోచన కనిపిస్తే మర్నాటిదాకా ఆగకండి. 988 నంబరు (ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్) ఇవ్వండి, యూనివర్సిటీ కేర్ టీమ్‌కు ఆ రాత్రే తెలియజేయండి. ఆ టీమ్ ఫోన్ నంబరు, డిజెబిలిటీ ఆఫీసు నంబరు టర్మ్ మొదలవక ముందే మీ దగ్గర ఉండాలి. అడ్జంక్ట్‌లకు ఎవరూ పిలిచి ఇవ్వరు, మీరే అడిగి తీసుకోవాలి.

మీ కెరీర్‌కు ఉపయోగమా అని కూడా అడిగారు. బోధనకు ప్రాధాన్యమిచ్చే కాలేజీల్లో ఫ్యాకల్టీ ఉద్యోగం చూస్తుంటే, పూర్తి బాధ్యతతో నడిపిన ఒక్క కోర్సు మీ అప్లికేషన్‌కు నిజమైన బలం. రీసెర్చ్ యూనివర్సిటీలే లక్ష్యమైతే ఒకసారి చెప్పి ఆపేయండి, రెండోసారి దానివల్ల కొత్తగా కలిసొచ్చేది తక్కువ.

ఈ వారంలో చేయాల్సినవి రెండు ఈమెయిళ్లు. ఒకటి ఇంటర్నేషనల్ ఆఫీసుకు, మీ వీసా రకం, ఆఫర్ వివరాలు పెట్టి. రెండోది చైర్‌కు, మాస్టర్ షెల్‌ను ఒకసారి చూడనివ్వమని. షెల్ చూశాక అందులో రెండో వారం ఎలా ఉందో ఇక్కడ రాయండి. ఏది ఉంచాలో ఏది తీసేయాలో కలిసి చూద్దాం.